వానలు పడకముందే రోలు బోర్లించండి

మా పెరట్లో ఎవరూ వాడని రాతి రోలు ఒకటుంది. పోయిన ఏడాది వానల్లో ఓ పొద్దున దాంట్లోకి తొంగి చూస్తే, నిలిచిన అరచెంబు నీళ్లలో సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. నా నీడ పడగానే అన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. కిటికీలకు మెష్ కొట్టించి, పొద్దుగూకగానే తలుపులేసుకుంటూ, దోమల్ని మేమే పెంచుతున్నామని అప్పుడు తెలిసింది.

డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ఎక్కువగా పెరిగేది ఇళ్ల చుట్టూ నిలవ ఉన్న మంచినీళ్లలోనే. గుడ్డు పెట్టిన వారం పది రోజులకు దోమై ఎగురుతుంది. ఆశా కార్యకర్తలు వారానికోసారి డ్రై డే, అంటే నిలవ నీళ్లన్నీ పారబోసే రోజు, పాటించమనేది అందుకే. అయితే నీళ్లు పారబోస్తే పని అయిపోదు. గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన, తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా తోమి, కడిగి, ఎండబెట్టండి.

ఫ్రిజ్ వెనక ట్రే, మూలన పెట్టిన కూలర్, కుండీ కింది పళ్లెం, మనీప్లాంట్ సీసా, కొబ్బరి చిప్పలు, మేడ మీది పాత టైరు... తొలకరికి ముందే ఒక ఆదివారం ఇవన్నీ చూసేయండి. రోలును బోర్లించండి. ఖాళీ చేయలేని డ్రమ్ముకు పాత నూలుచీర బిగించి కట్టండి.

ఇక ఒంటికి. కొబ్బరినూనెలో కొద్దిగా వేపనూనె కలిపి చేతులకు, కాళ్లకు రాసుకుంటే కాసేపు కాపాడుతుంది, రాత్రంతా కాదు. ముందు మోచేతి మీద చుక్క రాసి దురద రాలేదంటేనే వాడండి. పసిపిల్లలకు మాత్రం వద్దు, వాళ్లకు దోమతెరే మేలు. ఏడిస్ ఎక్కువగా పగలే కుడుతుంది కాబట్టి మధ్యాహ్నం ఉయ్యాలకూ తెర కట్టాలి. వేపాకు పొగ వేయడం మన ఇళ్లలో అలవాటే గానీ, ఆస్తమా ఉన్నవాళ్లకు, చంటిపిల్లలకు ఆ పొగే ఇబ్బంది. దోమలు గట్టి గాలికి ఎదురు ఎగరలేవు. ఫ్యాను గాలి కాళ్ల మీదకు తగిలేలా కూర్చున్నా చాలా తేడా కనిపిస్తుంది.

కుట్టిన చోట ముందు సబ్బుతో కడగండి. గుడ్డలో చుట్టిన ఐసుముక్క పది నిమిషాలు పెడితే వాపు, దురద దిగుతాయి. వంటసోడాను నీళ్లతో ముద్దచేసి కాసేపు ఉంచి కడిగేయొచ్చు. కలబంద రాసేటప్పుడు పసుపురంగు జిగురు కారిపోయాక లోపలి గుజ్జే వాడండి. సున్నం పెట్టొద్దు, చర్మం కాలుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలొస్తాయి. పిల్లల గోళ్లు కత్తిరించి ఉంచండి, గోకిన చోటే పుండవుతుంది.

జ్వరం వస్తే ఇంటి వైద్యంతో రోజులు గడపకుండా రక్తపరీక్ష చేయించండి. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు, రక్తస్రావం పెరుగుతుంది. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకుని ఆలస్యం చేయొద్దు. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజుల్లోనే డెంగీ ముదురుతుంది. అప్పుడు విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, అది అర్ధరాత్రైనా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లండి.