కిటికీలు పెద్దవే, గాలి ఏది?

కేంద్ర ప్రభుత్వం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇంధన పొదుపు నియమావళి 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే నివాస భవనాలకు ఉద్దేశించినది. రాష్ట్రం తన నిర్మాణ నిబంధనల్లో చేర్చుకుంటేనే అది తప్పనిసరి. కానీ 150 గజాల ఇంట్లో ఉక్క ఎందుకు పోస్తోందో కూడా అందులోని కొలతలే పట్టిస్తాయి.

సమస్య: గోడంత కిటికీలున్నా గాలి ఆడదు.

కారణం: సంహిత చూసేది కిటికీ సైజును కాదు, అది తెరుచుకునే మేరను. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత తోసినా సగమే తెరుచుకుంటుంది. తలుపులా తెరుచుకునే కిటికీకి 90 శాతం లెక్క. కార్పెట్ ఏరియాలో తెరుచుకునే భాగం విశాఖపట్నం వంటి తేమ ప్రాంతాల్లో కనీసం 16.66 శాతం, హైదరాబాద్‌లో 12.5 శాతం ఉండాలి. విశాఖలో 90 చదరపు మీటర్ల ఫ్లాటుకు 15 చదరపు మీటర్లు కావాలన్నమాట. అన్నీ స్లైడింగే అయితే 30 చదరపు మీటర్ల కిటికీలు పెట్టాలి. ఏ బిల్డరూ అన్ని పెట్టడు.

పరిష్కారం: పడకగదుల్లోనైనా తలుపులా తెరుచుకునే కిటికీలు అడగండి. మూడు రెక్కల స్లైడింగ్ మూడింట రెండొంతులు తెరుచుకుంటుంది. అయితే మూడో ట్రాక్ దోమతెరకే పోతే మళ్లీ సగమే. బాల్కనీలోకి తెరుచుకునే తలుపులను లెక్కలో కలపవచ్చు. లోపలి కారిడార్ వైపు తలుపును కలిపి చూపిస్తే ఒప్పుకోకండి. వచ్చిన గాలి పోవడానికి ఎదురుగోడలో దారి ఉందో లేదో కూడా ప్లానులోనే చూసుకోవాలి.

సమస్య: పై అంతస్తులో రాత్రి పదింటికీ శ్లాబు సెగ.

కారణం: పైకప్పు గుండా వేడి ఎంత సులువుగా దూరుతుందో చెప్పే కొలత యు-విలువ; ఎంత తక్కువైతే అంత మేలు. అది 1.2 దాటకూడదని సంహిత నియమం. ఏ పొరా లేని ఆరంగుళాల కాంక్రీటు శ్లాబుకు అది 3 పైమాటే.

పరిష్కారం: శ్లాబు మీద రెండంగుళాల ఇన్సులేషన్ షీటు, దానిపై గచ్చు. తెల్ల పెయింటు ఎండను తిప్పికొడుతుంది, మంచిదే, కానీ యు-విలువను తగ్గించదు.

సమస్య: పడమటి గదిలో సాయంత్రం వేడి, నల్ల ఫిల్ము అంటిస్తే పగలే లైట్లు.

కారణం: పడమటి ఎండ ఏటవాలుగా చజ్జా కిందినుంచి దూరుతుంది. ఫిల్ము వెలుతురునూ మింగేస్తుంది. గోడలో కిటికీల వాటా 30 శాతం లోపు ఉంటే గాజు కనీసం 27 శాతం వెలుతురును లోపలికి పంపాలి.

పరిష్కారం: ఫిల్ము తీసేసి, కిటికీకి బయటివైపు వెదురు తడక గానీ నిలువు పలకలు గానీ పెట్టించండి. లోపలి కర్టెన్ దాకా వచ్చిన వేడి అప్పటికే గదిలో ఉన్నట్టే.