యాంటీబాడీ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3వ భాగం: ఏఎన్ఏ పాజిటివ్ వస్తే?

పోయిన భాగంలో ఆర్ఎఫ్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలతో కీళ్లవాతానికి మార్కులు వేయడం చూశాం. ఈసారి ఏఎన్ఏ, అంటే మన కణాల కేంద్రకాల మీదే గురిపెట్టే యాంటీబాడీల పరీక్ష. గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు "పాజిటివ్ వచ్చిందండీ, లూపసేనా?" అన్న టెన్షన్ కొత్త కాదు. (లూపస్ అంటే రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు.)

ముందు టైటర్ చూడండి. 1:80 అంటే సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) 80 వంతులకు పలచన చేసినా, ల్యాబ్‌లో పరీక్షకు వాడే హెప్-2 కణాలు ఇంకా మెరుస్తున్నాయని. ఎన్ని నీళ్లు పోసినా మజ్జిగ పుల్లగానే ఉంటే అసలు పెరుగు ఎంత పులిసిందో ఊహించుకోండి. కాబట్టి 1:80 కంటే 1:320 బలమైన ఫలితం. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ 1:80 దగ్గర నూటికి పదిమందికి పైగా, 1:160 దగ్గర సుమారు అయిదుగురికి పాజిటివ్ వస్తుంది. ఎలీసా (మెరిసే కణాలకు బదులు రంగు మార్పును యంత్రంతో కొలిచే) పద్ధతిలో చేసిన రిపోర్టయితే టైటర్ కోసం వెతకకండి, ఉండదు.

2019లో యూరప్, అమెరికా రుమటాలజీ (కీళ్లవాత జబ్బుల వైద్య) సంఘాలు కలిసి తెచ్చిన లూపస్ వర్గీకరణలో ఏఎన్ఏకు మార్కులే లేవు. ఒక్కసారైనా 1:80 గానీ అంతకు మించి గానీ వచ్చి ఉంటేనే లెక్క మొదలవుతుంది. లూపస్‌లో కనిపించే యాంటీ డీఎస్‌డీఎన్ఏ, యాంటీ స్మిత్ యాంటీబాడీలలో ఏది వచ్చినా 6. రెండూ వచ్చినా 6 మాత్రమే, విభాగం ఒకటే కదా! రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు సీ3, సీ4లలో ఒకటి తగ్గితే 3, రెండూ తగ్గితే 4. మొత్తం 10 రావాలి, అందులో క్లినికల్ విభాగం (కీళ్లు, చర్మం, మూత్రపిండాలు, రక్తకణాల లాంటి వాటిపై జబ్బు ప్రభావం) నుంచి కనీసం ఒకటి ఉండాలి. ఈ లెక్క పరిశోధనలకు రోగులను ఒకే తీరున ఎంచడానికి పెట్టింది. జబ్బు తేల్చేది డాక్టరే.

తెనాలి నుంచి 27 ఏళ్ల అమ్మాయి వచ్చిందనుకోండి. ఏఎన్ఏ 1:320, డీఎస్‌డీఎన్ఏ పాజిటివ్. "పొద్దున లేచాక వేళ్లు ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటాయమ్మా?" అని అడగండి. ఇంకో ఖరీదైన ప్యానెల్ రాయడం కంటే ఈ ప్రశ్నే మేలని నా అభిప్రాయం. రెండు కీళ్లలోనైనా నొక్కితే నొప్పి, అరగంటకు తగ్గని బిగుతు ఉంటే కీళ్లకు 6. మొత్తం 12. అయితే ఈమధ్య చికున్‌గన్యా వచ్చిందేమో కూడా కనుక్కోండి. లూపస్ కంటే వేరే కారణం బాగా సరిపోతే ఆ 6 వేయకూడదు.

అభ్యాసం: ఏఎన్ఏ 1:640, డీఎస్‌డీఎన్ఏ పాజిటివ్, సీ3, సీ4 రెండూ తక్కువ. మనిషికి ఏ బాధా లేదు, మూత్రం, రక్తకణాల పరీక్షలు మామూలే. ఎన్ని మార్కులు? లూపస్ కింద చేరుస్తారా? జవాబు నాలుగో భాగంలో, షోగ్రెన్ (కళ్లు, నోరు ఎండిపోయే జబ్బు) లెక్కతో పాటు. అక్కడ యాంటీ రో అనే యాంటీబాడీ ఒక్కదానికే 3, కావలసింది 4.