చలికాలంలో కారు కడగడం: ఎక్కడ తేడా వస్తోంది, ఎలా సరిచేయాలి

మంచు పడే చోట చలి మొదలవగానే చాలామంది కారు కడగడం మానేస్తారు. ఎలాగూ రేపటికి మళ్ళీ బురదే కదా అని. నిజానికి కారుకు నీళ్ళు బాగా అవసరమయ్యేది ఆ మూడు నాలుగు నెలల్లోనే. కాకపోతే అప్పుడు కడిగేది మెరుపు కోసం కాదు, రోడ్డు మీద చల్లిన ఉప్పును వదిలించడానికి. ఇది గుర్తుంటే పని సగం తేలికవుతుంది. పైన కాస్త మురికి ఉన్నా ఫర్వాలేదు, కింద ఉప్పు ఉండకూడదు.

వారం వారం కడుగుదామనుకుంటే ఒక్క వారమూ కుదరట్లేదు

కారణం: వేసవి పద్ధతినే చలికాలంలోనూ పట్టుకుని కూర్చోవడం. ఆదివారం పొద్దున్నే బకెట్టు పట్టుకునే అలవాటు చలిలో సాగదు.

ఇప్పుడు చూడాల్సింది వారం కాదు, ఉష్ణోగ్రత. 5 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇంటి దగ్గర ధైర్యంగా కడగొచ్చు. సున్నాకూ 5కూ మధ్య ఉంటే తక్కువ నీళ్ళతో, త్వరగా ముగించాలి. సున్నా కంటే తగ్గితే ఇంటి దగ్గర నీళ్ళ జోలికి పోవద్దు. నాలుగు గోడల మధ్య, వెచ్చగా ఉండే కార్ వాష్‌కు తీసుకెళ్ళడమే మంచిది. ఇంటి ముందు పారిన నీళ్ళు రాత్రికి అద్దంలా గడ్డకట్టి ఎవరో ఒకరు జారిపడతారు, అదో ప్రమాదం.

టైమ్ కూడా ముఖ్యమే. పదకొండు దాటాక మొదలుపెట్టి, పొద్దు వాలడానికి రెండు మూడు గంటల ముందే ముగించండి. ఆరడానికి ఆ వ్యవధి కావాలి. ఎండలో కడగొద్దన్న సలహా వేసవికి. చలికాలంలో ఎండ ఉన్న చోటే వెతుక్కోవాలి.

పనిని రెండుగా విడగొట్టుకోండి. మొదటిది చిన్న పని: చక్రాల చుట్టూ, తలుపుల కింది భాగం, కారు అడుగు, ఈ మూడింటికీ ఉత్త నీళ్ళు కొట్టడం. పది నిమిషాల్లో అయిపోతుంది. ఉప్పు చల్లిన రోడ్ల మీద రోజూ తిరిగే బండికి రెండు వారాలకోసారైనా ఇది జరగాలి. రెండోది పూర్తి వాష్. అది వాతావరణం అనుకూలించినప్పుడు చేసుకోవచ్చు, ఓ నెల ఆగినా కొంప మునిగేదేమీ లేదు.

బయట 3 డిగ్రీలున్నా కారు మీద నీళ్ళు గడ్డకడుతున్నాయి

ఫోన్‌లో కనిపించేది గాలి ఉష్ణోగ్రత. రాత్రంతా ఆరుబయట ఉన్న కారు రేకు అంతకంటే చల్లగా ఉంటుంది, అందులోనూ మబ్బు లేని రాత్రి అయితే మరీ. నీడలో నిలిపిన కారు మధ్యాహ్నం దాకా సున్నా కిందే ఉండొచ్చు. పైగా గాలి వీస్తుంటే నీళ్ళు ఆవిరవుతూ ఉన్న వేడిని కూడా లాగేస్తాయి.

ముందు ఓ గంట ఎండలో పెట్టండి, లేదా కాసేపు నడిపి రండి. గోరువెచ్చని నీళ్ళు వాడండి, చెయ్యి పెడితే హాయిగా ఉండేంత వేడి చాలు. మరిగిన నీళ్ళు అద్దం మీద ఎప్పుడూ పోయకూడదు. ఎక్కడో రాయి తగిలి పడిన చిన్న చుక్కంత పగులు ఉంటే చాలు, ఆ వేడికి అద్దం పొడవునా పాకుతుంది. కారంతా ఒకేసారి తడపకండి. పైకప్పు నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్నీ కడిగి, తుడిచి, తర్వాతి భాగానికి వెళ్ళండి.

ఇలాంటి రోజులకు రిన్స్‌లెస్ వాష్ ద్రావణాలు బాగా పనికొస్తాయి. మూతెడు ద్రావణం బకెట్టు నీళ్ళలో కలిపి, మైక్రోఫైబర్ గుడ్డ ముంచి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టేయడమే. మళ్ళీ నీళ్ళు పోసి కడగనక్కర్లేదు. ఎంత కలపాలన్నది డబ్బా మీద చూడండి, ఎక్కువ పోస్తే మరకలే మిగులుతాయి. అయితే ఇసుక, ఉప్పు గడ్డలు అంటుకున్న కారుకు ఈ పద్ధతి పనికిరాదు. వాటిని ముందు నీళ్ళతో రాల్చాలి.

కడిగిన మర్నాడు తలుపు తెరుచుకోవట్లేదు

చలికాలంలో ఎక్కువమందికి ఎదురయ్యేది, కడగడం మీద విరక్తి పుట్టించేది ఇదే. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ మడతల్లో నీళ్ళు నిలుస్తాయి. రాత్రికి గడ్డకట్టి రబ్బరునూ రేకునూ జిగురులా పట్టేస్తాయి. బలంగా లాగితే బీడింగ్ చిరుగుతుంది, లేదా హ్యాండిల్ విరిగి చేతిలోకి వస్తుంది.

ఇప్పటికే ఇరుక్కుపోయి ఉంటే: ముందు తలుపును లాగకుండా లోపలికి నెట్టండి. అరచేతులతో అంచుల వెంబడి నొక్కితే సన్నని మంచు పొర పగులుతుంది. మిగతా తలుపులు, డిక్కీ ప్రయత్నించండి. ఏదో ఒకటి తెరుచుకుంటే లోపలికి వెళ్ళి ఇంజన్, హీటర్ ఆన్ చేసి కాసేపు ఆగడమే. ఆల్కహాల్‌తో చేసిన డీ-ఐసర్ (మంచు కరిగించే) స్ప్రేను అంచుల వెంట కొట్టినా వదులుతుంది. ఆ స్ప్రేను కారు లోపల పెట్టుకుని బయట నిలబడే పరిస్థితి తెచ్చుకోకండి.

మళ్ళీ రాకుండా ఉండాలంటే: కడగడం అయ్యాక తలుపులన్నీ, డిక్కీ, బానెట్ ఒకసారి తెరిచి బీడింగ్‌నూ, అది ఆనుకునే రేకునూ పొడి గుడ్డతో తుడవండి. పెట్రోల్ మూత చుట్టూ కూడా. ఎలక్ట్రిక్ కారైతే ఛార్జింగ్ మూత, తలుపులోకి ముడుచుకుని ఉండే హ్యాండిళ్ళు మర్చిపోవద్దు. తర్వాత బీడింగ్‌కు సిలికాన్ లూబ్రికెంట్ పలచగా పూయండి. స్ప్రేను గుడ్డ మీద కొట్టుకుని రాయాలి, నేరుగా కొడితే అద్దాల మీద పడి జిడ్డు చేస్తుంది. పెట్రోలియం జెల్లీ, ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు. బీడింగులకు ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరుకు ఈ నూనెలు పడవు, ఉబ్బి మెత్తబడుతుంది.

తాళం రంధ్రంలో మంచు పట్టడం కీలెస్ కార్లలోనూ జరుగుతుంది. బ్యాటరీ దిగిపోయి అసలు తాళంచెవి అవసరమైన రోజునే అది బయటపడుతుంది. ప్రెషర్ వాషర్ ధారను తాళం వైపు పెట్టకండి. తాళంచెవిని లైటర్‌తో వేడి చేయకండి, అందులో చిప్ ఉంటుంది.

కడిగి ఆరాక కూడా తెల్లటి పొర మిగులుతోంది

మూడు కారణాలుండొచ్చు. ఏదో తెలుసుకోకుండా రుద్దడం మొదలుపెడితే గీతలు పడతాయి. తడి గుడ్డను మెల్లగా అద్ది చూడండి. వెంటనే కరిగిపోతే అది ఉప్పు, అంటే నీళ్ళు సరిగ్గా కొట్టలేదన్నమాట. గుండ్రటి మచ్చల్లా ఉండి నీళ్ళకు కదలకపోతే అవి హార్డ్ వాటర్, అంటే ఖనిజాలు ఎక్కువున్న నీళ్ళు వదిలిన కాల్షియం మచ్చలు. వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి, గుడ్డతో అద్ది, ఒక నిమిషంలో కడిగేయాలి. చారలు చారలుగా, ముట్టుకుంటే జారుడుగా ఉంటే అది షాంపూ. చలికి నురుగు గడ్డకట్టి ఆరిపోయి ఉంటుంది. వేసవిలో నురుగును ఐదు నిమిషాలు వదిలేసినట్టు ఇప్పుడు వదలకూడదు.

ఎంత కడిగినా కింద తుప్పు ఆగట్లేదు

పైన రంగు ఉంది, వ్యాక్స్ ఉంది. అడుగున ఉన్నది సబ్‌ఫ్రేమ్ (ఇంజన్‌నూ చక్రాల భాగాలనూ మోసే చట్రం), బ్రేక్ పైపులు, బోల్టులు, సైలెన్సర్. ఉప్పు పనంతా అక్కడే.

మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, సుమారు మైనస్ 9 డిగ్రీల దాకా మంచును బాగా కరిగిస్తుంది. అంతకంటే చలి ఉన్న చోట కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలుపుతారు. ఈ రెండూ గాలిలోని తేమను లాక్కుంటాయి. అందుకే రోడ్డు ఎండిపోయినా కారు కింది పొర తడిగానే ఉంటుంది. ఇనుముకు తడి, ఉప్పు, గాలి మూడూ దొరికితే ఇక చెప్పేదేముంది!

ఇందులో చాలామంది గమనించని విషయం వెచ్చని గ్యారేజీ. మైనస్ 10లో బయట నిలిపిన కారు మీద తుప్పు నత్తనడకన సాగుతుంది. అదే కారును ఉప్పు బురదతో తెచ్చి వేడి గ్యారేజీలో పెడితే మంచు కరిగి, ఉప్పునీళ్ళు సందుల్లోకి పాకి, రాత్రంతా తుప్పుకు కావలసిన వెచ్చదనం దొరుకుతుంది. గ్యారేజీ మానక్కర్లేదు. లోపల పెట్టే ముందు కిందికి నీళ్ళు కొట్టండి, బయట సున్నా కంటే తక్కువుంటే కార్ వాష్‌లో కొట్టించండి, అంతే.

ఉప్పు నీళ్ళలోనే కరుగుతుంది కాబట్టి అడుగుకు షాంపూ అవసరం లేదు. కావలసింది ఎక్కువ నీళ్ళు, కాస్త ఓపిక. ప్రెషర్ వాషర్‌కు వంగిన గొట్టం ఉంటే మంచిది. లేకపోతే తోటకు నీళ్ళు చల్లే స్ప్రింక్లర్‌ను కారు కింద పెట్టి, కారును కొద్ది కొద్దిగా ముందుకు జరుపుతూ పది నిమిషాలు వదిలేయండి. చవకైన ఉపాయం, భేషుగ్గా పనిచేస్తుంది. మడ్‌గార్డ్ లోపలి అంచు మీద పేరుకున్న మట్టిని వేలితో తీసి చూడండి, తడిసిన స్పాంజిలా ఉప్పును పట్టుకుని కూర్చునేది అదే. తలుపుల అడుగున, తలుపుల కింద పొడవునా ఉండే పట్టీల అడుగున నీళ్ళు కారడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే తలుపు లోపలి నుంచే తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ పుల్లతో శుభ్రం చేయండి. వైర్ల కనెక్టర్లు, సెన్సర్లు, రేడియేటర్ రెక్కల మీద దగ్గరి నుంచి ధార కొట్టొద్దు.

తుప్పు నిరోధక పూత వేయించాలంటే చలి రాకముందే, శుభ్రంగా ఆరిన అడుగు మీద వేయించాలి. ఇప్పటికే తుప్పు ఉన్న చోట మందపాటి రబ్బరు పూత వేస్తే తేమను లోపల బంధించినట్టే. నా లెక్కలో నూనె, లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) రకం పూతలే మేలు. ఏటా మళ్ళీ వేయాలి, కానీ లోపల ఏం జరుగుతోందో దాచవు. అన్నిటికంటే ముఖ్యమైన వాష్ మాత్రం ఉప్పు చల్లడం పూర్తిగా ఆగిపోయాక చేసేది. ఎండలు వచ్చాయి కదా అని దాన్ని వదిలేస్తే చలికాలమంతా పడ్డ శ్రమ వృథా.

ఎండలో చూస్తే సాలెగూడులాంటి గీతలు

మంచు దులిపే బ్రష్షుతో రంగును గీకడం, పొడి మురికిని గుడ్డతో తుడవడం, చలికాలంలో ఎక్కువగా ఇవే కారణాలు. మంచును రేకు దాకా గీకకండి. పైపైన నెట్టేసి, ఆఖరి పొరను కరగనివ్వండి. ఫోమ్ తల ఉన్న బ్రష్షు తీసుకోండి. కడిగేటప్పుడు ముందు నురుగో నీళ్ళో కొట్టి మురికి రాల్చాకే గుడ్డ పెట్టాలి. కింది భాగాలకు వేరే గుడ్డ ఉండాలి.

మర్నాడు బ్రేకుల్లో శబ్దం, లేదా చక్రం కదలట్లేదు

డిస్కుల మీద నారింజ రంగు పొర ఒక్క రాత్రిలో రావడం మామూలే, రెండు మూడుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. చక్రమే కదలకపోతే బ్రేక్ ప్యాడ్ గానీ, హ్యాండ్ బ్రేక్ కేబుల్ గానీ గడ్డకట్టి ఉంటుంది. ఇంజన్ రేజ్ చేసి బలవంతంగా లాగకండి. కాసేపు ఇంజన్ నడవనిచ్చి, ముందుకూ వెనక్కూ మెల్లగా కదపండి. కడిగిన వెంటనే నిలపకుండా కొంత దూరం నడిపి, ఖాళీ రోడ్డు మీద బ్రేకును తేలిగ్గా నొక్కుతూ ఆరబెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ఆ రాత్రికి చదునైన చోట హ్యాండ్ బ్రేక్ లేకుండా, గేరులో లేదా పార్క్‌లో పెట్టి, చక్రానికి అడ్డు వేయండి.

నీళ్ళు పూసల్లా జారట్లేదు

బ్రష్షులు తగలని ఆటోమేటిక్ కార్ వాషుల్లో రుద్దడానికి ఏమీ ఉండదు కాబట్టి ఘాటైన రసాయనాలు వాడతారు. నీళ్ళను పూసల్లా జార్చే వ్యాక్స్ దాంతో త్వరగా అరిగిపోతుంది. అయినా ఉప్పుతో తిరగడం కంటే వ్యాక్స్ పోగొట్టుకోవడమే నయం. చలిలో ముద్ద వ్యాక్స్‌తో కుస్తీ పట్టకండి, గట్టిపడి పాకదు. తడి కారు మీద కొట్టి కడిగేసే స్ప్రే సీలెంట్ (రంగు మీద రక్షణ పొర వేసే ద్రావణం) చాలు. సిరామిక్ కోటింగ్ లాంటివి సాధారణంగా 10 డిగ్రీల పైన వెచ్చని చోటే గట్టిపడతాయి, వాటిని వాతావరణం బాగుపడ్డాకే చూసుకోండి.

అద్దాలు లోపలి నుంచి ఆవిరి పడుతున్నాయి

బూట్లతో వచ్చిన మంచు మ్యాట్ల కింద కరిగి, కార్పెట్‌లో నిలిచిపోయి ఉంటుంది. మ్యాట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉంటే పాత తువ్వాలు వేసి కాలితో తొక్కి పీల్చండి. తెల్లటి ఉప్పు మరకలకు వెనిగర్, గోరువెచ్చని నీళ్ళు సమానంగా కలిపి అద్ది, తడి గుడ్డతో తీయండి. నడిపేటప్పుడు లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ ఆపేసి, హీటర్‌తో పాటు ఏసీ కూడా వేయండి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. మరీ చలిగా ఉంటే చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ పనిచేయదు, అప్పుడు హీటరే దిక్కు.

ప్రెషర్ వాషర్ పనిచేయడం మానేసింది

నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. పంపులో మిగిలిన గుక్కెడు నీళ్ళు చాలు, అది పగలడానికి. వాడాక కుళాయి కట్టేసి, ట్రిగ్గర్ నొక్కి ఒత్తిడి వదిలేసి, గొట్టాలు విప్పి నీళ్ళు పూర్తిగా కార్చండి. సున్నా కిందికి పోయే షెడ్డులో పెట్టాల్సి వస్తే పంపుల కోసం అమ్మే యాంటీఫ్రీజ్ పట్టించండి. ఇప్పటికే గడ్డకట్టిందన్న అనుమానం ఉంటే స్విచ్ వేయకండి. వెచ్చని గదిలో ఒక రోజు ఉంచి, ఎక్కడైనా కారుతోందేమో చూశాకే ఆన్ చేయండి. షాంపూ, వ్యాక్స్ డబ్బాలకు కూడా గదిలోనే చోటు ఇవ్వండి. నీళ్ళు కలిసినవి ఒకసారి గడ్డకట్టి విడిపోయాయంటే ఎంత కుదిపినా మునుపటిలా కలవకపోవచ్చు.