మసిగుడ్డ మొదలు మంచినీళ్ల బిందె దాకా: క్రిములు చేరే వస్తువులను ఎలా శుభ్రం చేయాలి?

ఇంట్లో క్రిములు అనగానే అందరి చూపూ మరుగుదొడ్డి వైపే వెళుతుంది. దాన్ని వారం వారం మందు పోసి తోముతూనే ఉంటాం. మరి గిన్నెలు తోమే పీచును తోమేది ఎవరు? 2011లో ఎన్‌ఎస్‌ఎఫ్ ఇంటర్నేషనల్ అనే అమెరికా సంస్థ 22 కుటుంబాల ఇళ్లలో వస్తువులను పరీక్షించింది. కలుషితానికి గుర్తుగా భావించే కోలిఫాం బ్యాక్టీరియా అన్నిటికన్నా ఎక్కువగా కనిపించినవి గిన్నెలు తోమే స్పాంజిలు, గుడ్డలే. వాటిలో నూటికి 75కు పైగా ఈ బ్యాక్టీరియాతో ఉన్నాయి. వంటింటి సింకుల్లో 45 శాతం.

క్రిములకు కావలసినవి తడి, కాస్త ఎంగిలి, వెచ్చదనం. ఈ మూడూ దొరికితే ఈ.కొలై వంటి బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. రాత్రి పదింటికి సింకులో తడిగా వదిలేసిన పీచులో ఒక్క క్రిమి ఉన్నా, తిండి తరగనంత వరకు లెక్క ప్రకారం పొద్దున ఆరింటికి కోటిన్నర దాటుతుంది. కాబట్టి ఇంటి శుభ్రతను తడి ఆరని వస్తువుల దగ్గర మొదలుపెట్టండి.

1. మసిగుడ్డల పనులు విడదీయండి

చాలా ఇళ్లలో ఒకే గుడ్డతో వేడి గిన్నె దించుతారు, గట్టు తుడుస్తారు, చేతులు తుడుచుకుంటారు, చివరికి కంచం కూడా తుడిచి అన్నం వడ్డిస్తారు. గట్టు మీది మురికి కంచంలోకి చేరే దారి ఇదే. గిన్నెలు దించడానికి ఒకటి, గట్టుకు ఒకటి, చేతులకు ఒకటి పెట్టుకోండి. రంగులు వేరైతే ఇంట్లో ఎవరూ పొరబడరు. పాత నూలు చీర చింపితే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వారానికి సరిపడా గుడ్డలు వస్తాయి.

గట్టు గుడ్డను రోజూ రాత్రి సబ్బుతో ఉతికి, గట్టిగా పిండి, విప్పి ఆరేయండి. ఉండ చుట్టి కుళాయి మీద పడేస్తే ఉతికిన ఫలితం ఉండదు. మడిబట్టను దండెం మీద ఆరేసే శ్రద్ధలో సగం దీని మీద చూపినా చాలు. వారానికి రెండుసార్లు సబ్బునీళ్లలో పది నిమిషాలు మరిగించి ఎండలో వేయండి. ఇడ్లీ గుడ్డకూ ఇదే పద్ధతి, కాకపోతే సబ్బు వాసన మిగలకుండా జాడించాలి.

2. స్పాంజి మీద ప్రేమ పెంచుకోకండి

2017లో జర్మనీ పరిశోధకులు ఇళ్లలో వాడిన 14 స్పాంజిలను పరీక్షించారు. కొన్నిచోట్ల ఒక్క ఘనపు సెంటీమీటరులో 5,000 కోట్లకు పైగా బ్యాక్టీరియా కనిపించింది. అన్నీ జబ్బు చేసేవి కావు. అయితే తరచూ శుభ్రం చేస్తున్నామని ఇంటివాళ్లు చెప్పిన స్పాంజిల్లోనూ క్రిములు తగ్గలేదు. కాబట్టి వారానికోసారి మార్చడమే తేలిక. ఆ ఖర్చు ఎక్కువనిపిస్తే కొబ్బరి పీచో ప్లాస్టిక్ పీచో వాడండి. అవి త్వరగా ఆరతాయి. ఏదైనా సరే, అడుగున చిల్లులున్న గిన్నెలో నిలబెట్టండి, సబ్బు డబ్బాలో నీళ్లలో నానబెట్టకండి.

3. కత్తిపీట, చెక్క

కోడి, చేప కోసిన కత్తిపీట మీదనే టమాటా కోయకండి. మాంసానికి వేరే చెక్క ఉంచుకోవడం మంచిది. అది కుదరకపోతే కూరగాయలు ముందు కోసి, మాంసం చివర కోయండి. తరవాత సబ్బుతో తోమి, లీటరు నీటికి ఒక చిన్న చెంచా వాసన లేని ద్రవ బ్లీచ్ కలిపి పోసి, కొన్ని నిమిషాలుంచి కడిగేయండి. జిడ్డు పోకముందే బ్లీచ్ పోస్తే దండగ, సబ్బు పని ముందు అయ్యాకే దానికి బలం. కోడి మాంసాన్ని కుళాయి కింద కడగడం కూడా మానేయవచ్చు. చింది పడే నీటితో క్రిములు గట్టంతా పాకుతాయి, బాగా ఉడికిస్తే అవి ఎలాగూ చస్తాయి.

4. రబ్బరు వాషర్లు

మిక్సీ జారు మూత కింది రబ్బరును ఎప్పుడైనా ఊడదీసి చూశారా? అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చడి అక్కడే నల్లగా పేరుకుని ఉంటాయి. పిల్లల బడి సీసా మూతదీ ఇదే కథ. వారానికోసారి తీసి, పాత బ్రష్షుతో తోమి, పూర్తిగా ఆరాకే బిగించండి.

5. మంచినీళ్లు

బిందెలో చెంబు ముంచినప్పుడు వేళ్లూ మునుగుతాయి. పొడుగు కాడ ఉన్న గరిటె వాడితే ఆ బాధ లేదు. 20 లీటర్ల క్యాను తెచ్చుకునేవారు ఒక విషయం గమనించాలి: ఆటోలో దొర్లి, మెట్ల మీద ఆగి వచ్చిన ఆ క్యానును కుళాయి ఉన్న డబ్బా మీద తలకిందులు చేస్తే, దాని మూతి బయటి భాగమే నీళ్లలో మునుగుతుంది. బోర్లించే ముందు మూతిని సబ్బు గుడ్డతో తుడిచి కడగండి. కుళాయి ఉన్న డబ్బాను క్యాను మార్చిన ప్రతిసారీ తోమండి, కుళాయి లోపల సన్నని బ్రష్షు తిప్పండి.

6. ఫోను, రిమోటు, పళ్ల బ్రష్షు

ఫోను ఆపి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడవండి. నేరుగా చల్లకండి, బ్లీచ్ దగ్గరికి రానివ్వకండి. రిమోటుకు బ్యాటరీలు తీసి ఇదే పద్ధతి. పళ్ల బ్రష్షులను ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి ఆరనివ్వండి, మూడు నాలుగు నెలలకు మార్చండి. వాటిని పెట్టే గ్లాసు అడుగున ఊరిన జిగటను కడగడం మాత్రం అందరూ మరిచేదే.

బ్లీచ్ వాడే ఇంట్లో ఒక జాగ్రత్త: దాన్ని మరుగుదొడ్డి యాసిడ్‌తో గానీ నిమ్మ ఉప్పుతో గానీ వెనిగర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కిటికీ తెరిచి, చేతి తొడుగులు వేసుకుని వాడండి; బ్లీచ్‌నూ యాసిడ్‌నూ వేర్వేరు అరల్లో దాచండి.