పెద్దల జ్ఞాపకాలను చెడగొట్టకుండా రాసుకోవడం ఎలా?

1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనను పడుచుతనంలో చూసినవారు ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్లు దాటినవారు. వారి మాటలను రికార్డు చేయదలచినవారు ముందుగా ఒక సంగతి గ్రహించాలి. గుర్తుచేసుకున్న ప్రతిసారీ మెదడు మిగిలిన ఆనవాళ్లతో ఆ సంఘటనను మళ్లీ అల్లుకుంటుంది. ఆ అల్లికలోకి తర్వాత విన్న కబుర్లు, పేపర్లో చదివిన వార్తలు, చివరకు అడిగేవారి మాటలు కూడా చేరిపోతాయి.

అందుకే ప్రశ్న అడిగే తీరు అన్నిటికంటే ముఖ్యం. ‘నీళ్లు తాటిచెట్టంత ఎత్తున వచ్చాయట కదా?’ అని అడిగితే, ఆ తాటిచెట్టు జవాబులోకి ఎక్కి, మరోసారి చెప్పేటప్పటికి అమ్మమ్మ స్వయంగా చూసిన దృశ్యంగా మారిపోవచ్చు. మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రచురించిన ప్రయోగంలో, కారు ప్రమాదం ఫిల్మ్ చూసినవారిలో కొందరిని కార్లు ‘బలంగా ఢీకొన్నప్పుడు’ వేగమెంత అనీ, కొందరిని ‘తగిలినప్పుడు’ వేగమెంత అనీ అడిగారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అని అడిగితే, మొదటి రకం ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది, రెండో రకం విన్న 50 మందిలో 7గురు చూశామన్నారు. ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు.

కాబట్టి ‘అమ్మమ్మా, ఆ శనివారం పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్పు’ అని మాత్రమే అడిగి, ఫోన్లో రికార్డింగ్ పెట్టి, ఆమె ఆగేదాకా వినండి. మధ్యలో అడ్డు తగలవద్దు, తేదీలు సరిదిద్దవద్దు. ఆమె మౌనంగా ఉంటే కాసేపు ఓపిక పట్టండి. తరచుగా అసలు వివరం ఆ మౌనం తర్వాతే వస్తుంది. అప్పుడు ఆమె వాడిన మాటలతోనే ‘గడ్డివాము ఎక్కామన్నావు, అక్కడినుంచి ఏం కనిపించింది?’ అని ముందుకు నడపండి. ఇల్లు ఎటు తిరిగి ఉండేది, గాలి ఎటునుంచి వీచింది, ఏం వినిపించింది అన్నవి పరిసరాన్ని తిరిగి నిలబెట్టి, మరుగునపడ్డ వివరాలను పైకి తెస్తాయి.

కాలం విషయంలో జ్ఞాపకం బలహీనమే. గంటలు, తేదీలు అడిగేకంటే దీపావళి తర్వాతా, వరి కోతలకు ముందా అని ఆనవాళ్లు పట్టుకోవడం మేలు. కన్నీళ్లు వస్తే ఆ రోజుకి ఆపేయండి, మిగతాది ఇంకొకరోజు.

అక్కచెల్లెళ్లను, భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టండి. కలిసి కూర్చుంటే ఒకరు చూసింది మరొకరి జ్ఞాపకంలో స్థిరపడుతుంది. గట్టిగా చెప్పినంత మాత్రాన అది సరైనదని అనుకోకండి. పాత ఫొటోలు, పేపరు కటింగులు మొదటి విడత పూర్తయ్యాకే చూపించండి. కొన్నాళ్లకు మళ్లీ వెళ్లి అడిగితే కొత్త వివరాలు రావచ్చు. రెండు విడతలూ పొసగని చోట ఏదో ఒకదాన్ని తీసేయకుండా, తేదీ వేసి, మీరడిగిన ప్రశ్నతో సహా రెండింటినీ రాసి ఉంచండి.