ఎం.ఏ. సైకాలజీ డిసర్టేషన్ – 4వ పాఠం: డేటా తేకముందే రాయాల్సిన పేజీ

గత పాఠంలో ప్రశ్నను కుదించుకుని సినాప్సిస్ రాశాం. గైడ్ సంతకం కూడా అయింది. ఇక చాలామంది చేసేది ఒకటే: ప్రశ్నావళి జిరాక్సులు తీయించి, బ్యాగులో పెట్టుకుని బయల్దేరడం. ఈ వారం మాత్రం ఎక్కడికీ వెళ్ళకండి. రాబోయే డేటాతో ఏం చేస్తారో, అది రాకముందే ఒక్క పేజీలో రాయండి.

మనం ఉదాహరణగా తీసుకున్న అధ్యయనం ఇది: హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల్లో గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్ళలో ఒత్తిడికీ నిద్రకీ ఉన్న సంబంధం. ఒత్తిడికి పది ప్రశ్నల పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్, నిద్రకు పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్.

పేజీ రాయకుండా డేటా తెచ్చారనుకోండి. కోరిలేషన్ (రెండు అంశాలు ఎంతవరకు కలిసి మారుతున్నాయో చెప్పే అంకె) తీస్తే అనుకున్నట్టు రాలేదు. అప్పుడు మనసు దారులు వెతుకుతుంది. అమ్మాయిలను విడిగా చూస్తే? మూడేళ్ళకు పైగా చదువుతున్నవాళ్ళను తీసేస్తే? ఇంకో ఇరవై మందిని కలిపితే? ఇలా తిప్పుతూ పోతే ఎక్కడో ఒకచోట పి విలువ (నిజంగా సంబంధం లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.05 కిందికి దిగుతుంది, అప్పుడు ఫలితాన్ని గణనీయం అంటారు. ఇందులో దురుద్దేశం ఉండక్కర్లేదు, ఆశ ఉంటే చాలు. సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ 2011లో దీన్ని లెక్కకట్టి చూపించారు: ఇలాంటి నాలుగు వెసులుబాట్లు కలిస్తే, 5 శాతం దగ్గర ఉండాల్సిన తప్పుడు ఫలితాల అవకాశం 60 శాతం దాటింది. 2015లో వంద సైకాలజీ అధ్యయనాలను మళ్ళీ చేసి చూసిన పెద్ద బృందానికి వాటిలో 36 శాతంలోనే గణనీయమైన ఫలితం వచ్చింది. మన డిసర్టేషన్ చిన్నదే కావచ్చు. మన పేరుతో వెళ్ళే మొదటి పరిశోధన కదా, అది నిజాయితీగా ఉండాలని నా పట్టుదల.

పేజీలో మొదటి వాక్యం హైపోథిసిస్, అంటే ఏ ఫలితం వస్తుందని మన అంచనా. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఒత్తిడి పెరిగితే నిద్ర తగ్గుతుంది కాబట్టి నెగటివ్ కోరిలేషన్ వస్తుందని రాసేస్తారు. కానీ ఈ నిద్ర స్కేలులో స్కోరు 0 నుంచి 21 వరకూ ఉంటుంది, ఎక్కువ స్కోరంటే నిద్ర అంత బాగాలేదని అర్థం. అంటే మనం ఆశించాల్సింది పాజిటివ్ కోరిలేషన్. ఒత్తిడి స్కేలులో 4, 5, 7, 8 ప్రశ్నలకు మార్కులు తిరగేయాలి (0కు 4, 1కి 3, ఇలా), మొత్తం 0 నుంచి 40 మధ్య వస్తుంది. ఈ తిరగేయడం మర్చిపోతే ఆ తర్వాత పట్టికలన్నీ తప్పే. అందుకే ప్రశ్నల నంబర్లతో సహా రాసుకోండి.

ఆ తర్వాత శాంపిల్. "ఎంతమంది కావాలి?" అని సీనియర్లను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. ఉచితంగా దొరికే జీపవర్ సాఫ్ట్‌వేర్‌ను అడగండి. కోరిలేషన్ 0.3 ఉంటుందని ఆశిస్తే, 80 శాతం పవర్‌తో (సంబంధం నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం), రెండువైపుల పరీక్షకు (సంబంధం పాజిటివ్‌గానైనా నెగటివ్‌గానైనా ఉండొచ్చని చూసేది) సుమారు 85 మంది కావాలి. 0.2 మాత్రమే ఉంటుందనుకుంటే 190 దాటాలి. సగం నింపి వదిలేసిన కాగితాలు తప్పవు కాబట్టి, 85 కావాలంటే వందమందిని లక్ష్యంగా పెట్టుకోండి. ఆ అంకె దగ్గర ఆగిపోతామని కూడా రాయండి. ఎన్ని ఖాళీలుంటే కాగితాన్ని పక్కన పెడతారో, స్కోర్లు ఒకవైపుకు ఒరిగి ఉంటే మామూలు పియర్సన్ కోరిలేషన్‌కు బదులు, స్కోర్ల వరుస క్రమాన్ని బట్టి లెక్కించే స్పియర్‌మన్ కోరిలేషన్ వాడతారో లేదో ఇప్పుడే తేల్చేయండి. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో దొరికినవాళ్ళనే అడిగితే, హాస్టల్ గదిలోనే చదువుకునేవాళ్ళ గురించి మీకు తెలియదు. ఆ పరిమితిని ఒప్పుకునే వాక్యం కూడా పేజీలో ఉండాలి.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క కాగితం కూడా పంచొద్దు. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, మధ్యలో మానేయొచ్చని అందులో స్పష్టంగా ఉండాలి. ఉద్యోగం కోసం ఏళ్ళతరబడి ఎదురుచూస్తున్న మనిషిని ఒత్తిడి గురించి అడుగుతున్నామని గుర్తుంచుకోండి. కాగితం చివర మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 వేయండి. ఆ ఫోన్ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది.

ఇక పేజీ పట్టుకుని గైడ్ దగ్గరకు వెళ్ళండి. "ఏం చేయమంటారు మేడమ్?" అని అడిగితే ఇరవై నిమిషాలు సలహాల్లో గడిచిపోతాయి. "ఖాళీలున్న కాగితాలను ఇలా తీసేద్దామనుకుంటున్నాను మేడమ్, సరేనా?" అని అడిగితే జవాబు వస్తుంది. ఇంటికొచ్చాక, ఒప్పుకున్న విషయాలను మూడు నాలుగు వాక్యాల్లో ఆమెకు మెయిల్ చేయండి. నెలల తర్వాత వైవా ముందు ఇద్దరికీ అదే ఆధారం.

కోరిలేషన్ రాకపోతే డిసర్టేషన్ పోయినట్టేనా అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు భయంగా అడుగుతారు. పోదు. ముందే రాసుకున్న పద్ధతిలో, సరిపడా మందితో చేసి "సంబంధం కనిపించలేదు" అని రాస్తే అదీ ఫలితమే. దాన్ని వైవాలో ధైర్యంగా సమర్థించుకోవచ్చు.

ఈ వారం పని: పేజీ రాసి, తేదీ వేసి, ముందు మీ క్లాస్‌మేట్ ఒకరికి ఇవ్వండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా ఆ పేజీ చూసి మీ విశ్లేషణ మొత్తం ఆ మనిషి చేయగలగాలి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఇంకో వాక్యం చేర్చి, అప్పుడు గైడ్‌కు చూపించండి. 5వ పాఠంలో పదిమందితో పైలట్, అంటే చిన్న ట్రయల్ చేద్దాం.