బైక్ మీద దూరప్రయాణమా? సామాను తక్కువలో సర్దుకోవడం ఎలా?

నాలుగు రోజులు బైక్ మీద వెళ్తున్నామంటే చాలామంది ముందుగా పెద్ద బ్యాగు వెతుకుతారు. బరువు అక్కడే మొదలవుతుంది. బ్యాగులో ఖాళీ కనిపిస్తే "ఇదీ పడుండనీ" అనిపించక మానదు. అందుకే ముందు బ్యాగు సంగతి తేల్చుకోండి. ఒక్కరికి 30 నుంచి 40 లీటర్ల బ్యాగు చాలు. గదిలో దిగేవాళ్ల లెక్క ఇది. టెంటు మోసేవాళ్లకు ఇంకాస్త చోటు కావాలి.

తర్వాత బండితో ఇచ్చిన మాన్యువల్‌లో అది ఎంత బరువు మోస్తుందో చూడండి. ఆ అంకెలో మీరు, వెనక కూర్చునేవాళ్లు, సామాను, విడిగా బిగించిన క్యారియర్ అన్నీ కలిసే ఉంటాయి. ఇద్దరు ఎక్కాక సామానుకు మిగిలేది మనం అనుకున్నంత ఉండదు.

ఇప్పుడు తీసుకెళ్దామనుకున్నవన్నీ మంచం మీద పరవండి. దారిలో ఏ దుకాణంలోనైనా దొరికేవి ఇంట్లోనే ఉంచేయండి. మందులు, రెయిన్ కోటు, పంక్చర్ కిట్ మాత్రం తీసేయకండి.

ఎక్కువ చోటు తినేసేవి బట్టలే. ఒంటి మీద ఒక జత, బ్యాగులో రెండు. నాలుగు రోజులైనా పదిహేను రోజులైనా ఇంతే, రాత్రిళ్లు ఉతుక్కోవడమే. నూలు బనియన్ చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది, పాలిస్టర్ త్వరగా ఆరుతుంది. ఉతికిన చొక్కాను పిండి, పొడి తువ్వాలు మీద పరిచి, రెండూ కలిపి చుట్టి, ఆ చుట్టను మోకాలితో గట్టిగా నొక్కండి. మిగిలిన నీళ్లు తువ్వాలు లాగేసుకుంటుంది. ఆపైన ఫ్యాను కింద ఆరేస్తే సాధారణంగా తెల్లారేసరికి వేసుకోవచ్చు. జీన్స్ ఒకటి అదనంగా పెట్టుకుందామా అంటే, వద్దు. అసలే బరువు, తడిస్తే ఓ పట్టాన ఆరదు.

పనిముట్లలో ఏవి కావాలో బండే చెబుతుంది. ఇంటి దగ్గరే ఒకసారి చైన్ బిగించి, బ్యాటరీ టెర్మినల్ విప్పి బిగించి చూడండి. అప్పుడు అవసరం పడని స్పానర్ దారిలోనూ సాధారణంగా అక్కర్లేదు. ట్యూబ్‌లెస్ టైరైతే చిల్లు పూడ్చే రబ్బరు ప్లగ్గులు, వాటిని దూర్చే పనిముట్టు, చిన్న పంపు చాలు. ట్యూబు టైరైతే పంపుతో పాటు స్పేర్ ట్యూబు, టైరును రిమ్ము నుంచి ఊడదీసే టైర్ లీవర్లు తప్పవు.

సర్దేటప్పుడు బరువైనవి అడుగున, సీటుకు దగ్గరగా పెట్టండి. బరువంతా వెనక చక్రం ఇరుసు దాటి వేలాడితే ముందు చక్రం తేలికైపోయి, వేగం మీద హ్యాండిల్ ఊగే ప్రమాదం ఉంది. రెయిన్ కోటు అన్నిటికంటే పైన ఉండాలి, వాన పడుతుంటే బ్యాగంతా తిరగేయలేం కదా! వీపుకు బ్యాగు తగిలించుకోకపోవడమే మేలు. మెడ, భుజాలు లాగేస్తాయి, పైగా పడితే అందులోని గట్టి వస్తువు నేరుగా వెన్నుకు తగులుతుంది.

కట్టడానికి కొక్కేల ఎలాస్టిక్ తాళ్లంటే నాకు నమ్మకం లేదు. లాగి తగిలించేటప్పుడు కొక్కెం జారితే కంటికే ప్రమాదం. బకుల్ ఉన్న పట్టీలు వాడండి. మిగిలిన కొసలను మడిచి దోపేయండి, వేలాడితే చైన్‌లోనో చక్రంలోనో చిక్కుకుంటాయి. బ్యాగు సైలెన్సర్‌కు తగలకూడదు.

బయలుదేరే ముందు టైర్లలో గాలి మాన్యువల్ చెప్పినట్టు, నిండు బరువుకు సరిపడా ఉందో లేదో చూసుకోండి. 20, 30 కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆగండి. కుదుపులకు బట్టలు అణిగి పట్టీలు వదులవుతాయి, మళ్లీ బిగించుకోవాలి.